చాయ్ గ్లాసెడు తేడా

భోపాల్‌పట్నంలో మా జిరాక్స్ దుకాణానికీ చెన్నకేశవులు కాక ఇంజన్ షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఈ పక్క నేను ఆధార్ కార్డులూ పట్టాలూ జిరాక్స్ తీస్తుంటాను. ఆ పక్క ఆయన డీజిల్ ఇంజన్లు తిప్పుతుంటాడు. ఆయన ఇంజన్ మొదలుపెట్టాడంటే నా మిషన్‌లో కాగితాలు వంకరగా వస్తాయి. నేను రేకు మీద దబదబా బాదుతాను. వినిపించుకోడు. లేచి వెళ్లి నాలుగు తిడతాను. తలైనా తిప్పకుండా చెయ్యి పైకెత్తి, "ఆగు బిడ్డా, సీసా అయిపోనీ" అంటాడు. నేను కోడలిగా ఈ ఊరొచ్చినప్పటి నుంచీ మా పొరుగుతనం ఇలాగే నడుస్తోంది.

ఆ సీసా సంగతి చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినా దండగే.

అది పాతకాలపు గాజు సెలైన్ సీసా. అడుగు కోసేసి, తలకిందులుగా కొక్కేనికి వేలాడదీస్తాడు. మూతి దగ్గర రబ్బరు గొట్టం, గొట్టానికి ఒక క్లిప్పు. సీసా మీద ఆకురాయితో గీసిన గీత ఒకటి ఉంటుంది. సరిగ్గా ఆ గీత దాకా నూనె పోసి, ఇంజన్‌కి తగిలించి, ఆ ఒక్క సీసా మీద ఎంతసేపు నడిచిందో చేతి గడియారంలో చూసుకుంటాడు. ఎక్కువసేపు నడిస్తే ఇంజన్ తక్కువ తాగినట్టు, ముందే దగ్గడం మొదలుపెడితే ఎక్కువ తాగినట్టు. ఇంజన్ దగ్గగానే చేతులు చకచకా కదిలి డీజిల్ ట్యాంకు కుళాయి తిప్పేస్తాయి. అది ఆగిపోకూడదు, ఆగితే గొట్టాల్లో చేరిన గాలి మళ్లీ తియ్యాలి, అదో పెద్ద రామాయణం.

ఆ సీసా మొదట వేలాడింది ఇంజన్ మీద కాదు, కాక భార్య వరమ్మ చిన్నమ్మ మంచం మీద. నేను ఆమెను చూడలేదు. జగ్దల్‌పూర్ ఆసుపత్రిలో ఆమె పడుకుని ఉంటే, సీసా అయిపోయే ముందు పిలవమని నర్సు చెప్పిందట. ఈయన రెప్ప వెయ్యకుండా చుక్కలు చూస్తూ కూర్చున్నాడట. ఆమె దక్కలేదు. బట్టల మూటతో పాటు ఖాళీ సీసా కూడా తెచ్చుకున్నాడు. చచ్చిన మనిషి సీసా ఇంట్లో పెట్టుకుంటారా అని బజారంతా ముక్కున వేలేసుకుంది. "ఆసుపత్రిల నాకు వచ్చిన పని ఇదొక్కటే, చుక్కలు చూసుడు" అన్నాడు కాక. ఆ మాట నాతో ఒక్కసారే అన్నాడు. నేను మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పిల్లలు లేరు. గ్లాసెడు బియ్యం వండుకుని గిన్నెలోనే తింటాడు. నేను కూర పంపిస్తే డబ్బా తోమి, మూత మీద నాలుగు పచ్చిమిరపకాయలు పెట్టి తిరిగిస్తాడు. కానీ లోపలికి రమ్మంటే రాడు. కూర్చోమంటే పనుందంటాడు. ఏం పనో నాకు తెలియదా? గోడకి అటు పక్క నుంచి ఆయన ఇంజన్లతో మాట్లాడుకోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. "ఏందే, ఇయ్యాల నీకేమైంది" అని ఇనుముని అడుగుతుంటాడు. అలాగని జాలి చూపిస్తే కరిచేసే రకం.

మనుషులు దూరం కావడానికి ఆయన నోరు కూడా కారణమే. ఒకసారి బట్టల కొట్టాయన పెళ్లిళ్ల కోసం కొత్త జనరేటర్ కొని, గొప్పగా చూపించుకుందామని తెచ్చాడు. కాక సీసా తగిలించి, నలుగురి ముందూ, "మీ నాయిన కొన్న పాతదే నయం గదా, ఇదేంది ఇట్ల తాగుతున్నది" అన్నాడు. కొట్టాయన మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. అలా ఎందరో. పైగా ఇప్పుడు ఊళ్లకు కరెంటు వచ్చింది, చేలల్లో సోలార్ పంపులు వచ్చాయి. డీజిల్ ఇంజన్ ఎవడిక్కావాలి?

అయినా ఆయన ప్రయోగాలు ఆగలేదు. ఇప్ప గింజల నూనెతో ఇంజన్ నడపాలన్నది ఆయన పట్టు. ఆ నూనె చలికి నెయ్యిలా పేరుకుపోతుంది, ఇంజన్‌లోకి దిగదు. అందుకని ఇంజన్ పొగగొట్టం చుట్టూ సన్నటి రాగి గొట్టాన్ని చుట్లు చుట్లుగా చుట్టాడు. ముందు కాసేపు డీజిల్‌తో నడిపి, పొగగొట్టం కాలాక, ఆ రాగి చుట్ల గుండా ఇప్పనూనె పంపిస్తాడు. వేడికి పలచబడి డీజిల్‌లాగే మండుతుంది. షెడ్డులో ఒక ఇంజన్‌ని అలా మార్చాడు. అచ్చం అలాంటిదే ఇంకొకటి పొజ్జా చేనులో పెట్టాడు.

పొజ్జా ఇంద్రావతి ఒడ్డున మిరప తోట వేసే దోర్లా తెగ రైతు. పొడుగ్గా, ఎండిన టేకు కర్రలా ఉండేవాడు. సంతకొస్తే నా దుకాణం అరుగు మీదే కూర్చునేవాడు. బజారులో అందరూ కాకని పిచ్చోడన్నప్పుడు, "నా చేనుకు పెట్టు మిస్త్రీ, ఇప్పనూనె మా ఇంట్లనే ఉన్నది" అన్నది ఆయన ఒక్కడే. కాక పొంగిపోయి మాట ఇచ్చేశాడు.

"షెడ్డుల ఎంత తాగుతదో నీ చేన్ల గూడ అంతే తాగుతది పొజ్జా. తేడా వచ్చిందంటే నేనే వచ్చి సరిజేస్త."

తేడా వచ్చింది. రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తుకు తోడేలా అమర్చాడు, సీసా అదే, నూనె పొజ్జా ఇంటిదే. అయినా చేనులో ఇంజన్ ముందే దగ్గేది. లెక్కగడితే ఒక చాయ్ గ్లాసెడు నూనె ఎక్కువ తాగుతున్నట్టు తేలేది. మొదటి ఏడు రాగి చుట్లు పెంచాడు. మరుసటి ఏడు నాజిల్ మార్చాడు. ఇంకో ఏడు పొగగొట్టానికి మట్టి మెత్తాడు. ప్రతి ఏడూ మిరప పూతకొచ్చే రోజుల్లో సీసా తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరేవాడు, ప్రతి ఏడూ అదే చాయ్ గ్లాసెడు తేడాతో తిరిగొచ్చేవాడు.

"చాయ్ గ్లాసెడు నూనె కోసం ఇంత తిరుగుడేంది కాకా, పొజ్జా అడిగిండా?" అనేదాన్ని.

"అడగలె. అందుకే పోవాలె. మాట ఇచ్చింది నేను" అనేవాడు.

ఆ ఇంజన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన లెక్కకు రావాలి. బతుకులో ఆయనకి ఇంకో కోరిక ఉన్నట్టు నేనెరగను.

ఇంకొకటి కూడా గమనించాను. పొజ్జా చేనుకు వెళ్లొచ్చిన తర్వాత కొన్నాళ్లు ఆయన మనిషిలా ఉండేవాడు. తనంతట తనే మా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. పొజ్జా భార్య ముయె వండే చేపల పులుసు గురించి చెప్పేవాడు, నది నీళ్ల గురించి చెప్పేవాడు. "వాళ్లు ఏది తాగినా ముందు పోయిన పెద్దలకని నేలకు ఇంత పోసి తాగుతరు. నేను తీసుకపోయిన చాయ్ గూడ పోసిండు పొజ్జా. ముసలోళ్లకు చాయ్ అలవాటు చేస్తున్నవా అంటే ఒకటే నవ్వుడు" అని తనూ నవ్వేవాడు. కాక నవ్వు ఏడాదికి ఆ నాలుగు రోజులే.

ఈ ఏడు వానలు పోయాక కొత్త రాగి చుట్టు తయారు చేశాడు. ఎన్నడూ లేనంత ఓపికగా, సన్నగా, ఒకదాన్నొకటి తాకకుండా చుట్టాడు. "ఈసారి తప్పదు" అని నాకు తెచ్చి చూపించాడు. నాకేం తెలుసు, బావుందన్నాను. ఆ వారం సంతలోనే, మిరపనారు అమ్మేవాళ్లు చెప్పారు, పొజ్జా పోయాడని. జ్వరమొచ్చిందట, దవాఖానాకి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. దినాలు కూడా అయిపోయాయి. కాకకి కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? ఆయన చుట్టమా పక్కమా?

ఆ రోజు గోడకి అటు పక్క ఏ చప్పుడూ లేదు. మర్నాడూ లేదు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు మీద అంత విసుక్కున్నదాన్ని, అది లేకపోతే పని చేసుకోలేకపోయాను. వెళ్లి చూస్తే రాగి చుట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొయ్యి వెలిగించిన జాడ లేదు.

"పోవాలె" అన్నాడు నన్ను చూసి.

"మనిషే పోయిండు. ఇంకా ఇంజన్‌తో ఏం పని కాకా?"

"మాట మనిషితోని పోతదా? నువ్వేం మాట్లాడుతున్నవ్ సునీతా."

ఆయనకి ఒక కన్నుకి ఆపరేషన్ అయి ఎక్కువ కాలం కాలేదు. అక్కడికి బస్సు లేదు. దారిన పోయే ట్రాక్టరెక్కి ఎక్కడ పడతాడో అని నాకు ఒళ్లు మండిపోయింది. దుకాణం షట్టర్ లాగి స్కూటీ తీశాను. "కూసో" అన్నాను. దారి పొడుగునా నేను గొణుగుతూనే ఉన్నాను. వెనకాల ఆయన సీసాని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. పోలీసు నాకా దగ్గర జవాను ఆపి, గొట్టం వేలాడుతున్న ఆ సీసాని అనుమానంగా చూశాడు. కాక ఉత్సాహంగా మొత్తం ప్రయోగం హిందీలో వివరించడం మొదలుపెట్టాడు. ఇంకాసేపైతే ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టేవాళ్లే. "దవాఖానా సామాన్ హై సాబ్" అని నేనే అడ్డం పడ్డాను. పోనిచ్చారు.

చేనులో ముయె ఒక్కతే ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కాకని చూసి ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. "వస్తవని అనుకున్న మిస్త్రీ" అంది. గట్టు మీద కొత్త ఇనుప స్తంభాలు పాతి ఉన్నాయి. సోలార్ పలకలు ఆ నెలలోనే బిగిస్తారట. అంటే ఈ ఇంజన్‌కి ఇదే ఆఖరు. కాక ఆ స్తంభాల వంక ఒకసారి చూసి, చొక్కా విప్పి పనిలోకి దిగాడు.

పాత చుట్టు విప్పి కొత్తది బిగించడానికి చాలాసేపు పట్టింది. పానాలు అందించడం నా పని. చీర నిండా మసి. "జీతం ఎంతిస్తవ్ కాకా" అని అడిగితే వినలేదు. డీజిల్‌తో ఇంజన్ లేపాడు. పంపు నీళ్లు పట్టింది. పొగగొట్టం కాలేదాకా ఆగి, ముయె తెచ్చిన నూనెని వేడినీళ్లలో పెట్టి కరిగించి, గుంజకి వేలాడదీసిన సీసాలో గీత దాకా పోశాడు. కన్ను దగ్గరగా పెట్టి, ఇంకో చుక్క పోసి, మళ్లీ చూశాడు. తర్వాత ఇంజన్ దగ్గరికి వెళ్లి ట్యాంకు కుళాయి మీద చెయ్యి వేసి, నాకు వీపు పెట్టి వంగాడు.

"గొట్టం రాగి మూతికి తొడుగు. క్లిప్పు తియ్యి. అయినంక చెప్పు. ఇది ఎప్పుడూ పొజ్జా పని."

తొడిగాను. తీశాను. చెప్పాను. ఆయన ట్యాంకు మూసి గడియారం చూసుకున్నాడు.

కాక ఇంజన్ పక్కన గొంతుకూచున్నాడు. నేను ముయె పక్కన గట్టు మీద కూర్చున్నాను. ఎప్పుడూ దగ్గే సమయం వచ్చింది. కాక పిడికిలి బిగించాడు. ఇంజన్ దగ్గలేదు. నడుస్తూనే ఉంది. సీసా మూతి దగ్గర ఇంకా నూనె కనిపిస్తోంది. కాక నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. షెడ్డులో ఇంజన్ ఎంతసేపు నడుస్తుందో సరిగ్గా అంతసేపు నడిచి, అప్పుడు దగ్గింది. కాక ట్యాంకు కుళాయి తిప్పాడు.

"కుదిరింది" అన్నాడు. ఆయన మొహం అంత వెలుగుతో నేనెప్పుడూ చూడలేదు. చెయ్యెత్తి గిరుక్కున సీసా గుంజ వైపు తిరిగాడు. "పొజ్జా, కుదిరింది" అన్నాడు.

గుంజ దగ్గర ఎవరున్నారు? కాక చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట, చెప్పుకోవాల్సిన మనిషి లేని రోజు వచ్చింది.

అప్పుడు ముయె మెల్లగా అంది. "పెద్దలకు పొయ్యలే మీరు."

"ఏంది?" అన్నాడు కాక.

"గొట్టం తొడిగేముందు దొప్పల పట్టి పెద్దలకు పొయ్యాలె గదా. ఆయన ఎప్పుడు పోసెటోడు. ఇప్పనూనె గదా, వాళ్లకు పొయ్యకుండ ఇనుముకు ఎట్ల తాపుతం?"

గుంజ మొదట్లో నేల నల్లగా నూనె తాగి ఉంది. ఇంజన్ ఉన్నచోట ఎక్కడ చూసినా నూనె మరకలే, దాన్ని ఎవరు పట్టించుకుంటారు? ముయె పక్కనున్న మోదుగ చెట్టు ఆకు తుంచి, పుల్ల గుచ్చి దొప్ప చేసి చూపించింది. చాయ్ గ్లాసెడు పడుతుంది. అంతే పడుతుంది.

కాక దొప్ప వైపు చూశాడు. కొత్త రాగి చుట్టు వైపు చూశాడు. ఆ తర్వాత ఆయనకి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

"ఒక్క మాట చెప్తే ఏంబోయె? ఎన్ని చుట్లు చుట్టిన, ఎన్ని విప్పిన. ఎన్ని తీర్ల ఆలోచన చేసిన. నా ఇంజన్‌ల లోపం ఉన్నదని నేనే నమ్మిన. ఒక్క మాట చెప్పకపోతిరి."

ముయె గొంతు పెంచలేదు. "చెప్తమనే అన్న నేను. ఆయన వద్దన్నడు. మిస్త్రీకి చెప్తే పొయ్యొద్దంటడు, పొయ్యకుండ మనం ఎట్ల మొదలుపెడతం, అప్పుడు ఇంజనే వద్దు, ఇగ రావద్దని చెప్పాలె, మిస్త్రీని రావద్దని ఎట్ల చెప్తం అన్నడు. మిస్త్రీకి మాత్రం ఎవరున్నరు అన్నడు."

కాక సీసా గుంజ పట్టుకుని అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వరమ్మ చిన్నమ్మ పోయినప్పుడు ఆయన కంట నీరు చూడలేదని బజారు ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేను లేవబోతే ముయె నా చెయ్యి పట్టుకుని ఆపింది. తన ఏడుపు ఆమె ఎప్పుడో ఏడ్చి ఉంటుంది. వెనకాల ఇంజన్ డీజిల్ మీద నడుస్తూనే ఉంది, మిరప చాళ్లలోకి నీళ్లు పోతూనే ఉన్నాయి.

చాలాసేపటికి కాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు పెద్దలల్ల పొజ్జా గూడ ఉన్నడా?" అని అడిగాడు.

"కలిపినం" అంది ముయె. "మొన్ననే అందరితోని కలిపినం."

"ఇటియ్యి" అన్నాడు దొప్ప కోసం చెయ్యి చాపి.

మళ్లీ సీసా నింపాడు. గీత దాకా, చుక్క ఎక్కువా తక్కువా కాకుండా. ఈసారి నన్ను పిలవలేదు. గొట్టం మూతి దొప్పలో పెట్టి క్లిప్పు తీశాడు. దొప్ప నిండింది. జీవితమంతా ఒక్క చుక్క ఒలికితే ఊరుకోని మనిషి, ఆ నూనెని గుంజ మొదట్లో నెమ్మదిగా పోశాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో ఇంజన్ చప్పుడులో నాకు వినపడలేదు. గొట్టం రాగి మూతికి తొడిగి, ట్యాంకు మూసి, వచ్చి మా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ముయె చాయ్ ఇచ్చింది. మేం ముగ్గురం ముందు నేలకి ఇంత పోసి తాగాం.

ఇన్నేళ్లూ దగ్గినట్టే ఇంజన్ ముందుగానే దగ్గింది. కాక లేచి వెళ్లి ట్యాంకు కుళాయి తిప్పాడు. గడియారం ఆయన చేతికే ఉంది. దాని వంక చూడలేదు.